లిన్‌లిత్‌గో చెరువులో ఒక హంసల సంసారం

ఎడిన్‌బరోకూ గ్లాస్గోకూ నడుమ రైలు మార్గాన్ని ఆనుకుని ఉన్న లిన్‌లిత్‌గో అనే చిన్న ఊళ్ళో, మే నెలాఖరు వచ్చిందంటే చెరువుగట్టు మీద జనానికి కొదవ ఉండదు. స్ట్రోలర్లలో పసివాళ్ళను పెట్టుకుని తల్లులు వస్తారు, బడి వదిలాక పిల్లలు వస్తారు, పొడవాటి లెన్సుల కెమెరాలు మెడలో వేసుకుని పెద్దవాళ్ళు వస్తారు. అందరి చూపూ హంసపిల్లల మీదే. నిన్న ఆరున్నాయి, ఇవాళ అయిదే కనబడుతున్నాయని ఒకరితో ఒకరు చెప్పుకుని దిగులుపడతారు, సంచిలోంచి రొట్టె ముక్కలు తీసి విసురుతారు. ఆ ప్రేమలో కల్తీ ఏమీ లేదు. ఆ గుంపులో నేనూ ఒకణ్ణి. అయితే ఒక హంసల జంటను, అవి గూడు పేర్చడం మొదలుపెట్టిన నాటి నుంచి ఎదిగిన పిల్లలను చెరువు దాటించి తరిమిన నాటి దాకా దాదాపు ఏడాది పాటు గమనించిన తరువాత, మన ప్రేమ చేరవలసిన చోటికి చేరడం లేదన్న అభిప్రాయం నాలో గట్టిపడింది. హంసపిల్ల బతకడమన్నది మన జాలి మీద చాలా తక్కువగానూ, అది తేలే నీటి మీద, ఆ నీటి అంచున పెరిగే కిక్కిస గడ్డి మీద, ఆ నీటి అడుగున పేరుకున్న బురద మీద చాలా ఎక్కువగానూ ఆధారపడి ఉంటుంది. హంసను ఇంతగా ఇష్టపడే మనం చెరువును అందులో సగమైనా పట్టించుకోకపోవడం న్యాయం కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

స్కాట్లండ్‌లో చెరువునైనా, సరస్సునైనా, కొన్నిచోట్ల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయనైనా లొఖ్ అనే అంటారు. లిన్‌లిత్‌గో లొఖ్ మంచుయుగం చివర హిమానీనదం వదిలి వెళ్ళిన మంచుగడ్డ కరిగిన గుంటలో ఏర్పడింది. దక్షిణపు గట్టు మీద పైకప్పు పోయిన రాజప్రాసాదం నిలబడి ఉంది. స్కాట్లండ్ రాణి మేరీ 1542 డిసెంబరులో పుట్టింది అందులోనే. నీటిలో రెండు చిన్న ద్వీపాలున్నాయి. అవి ప్రాచీన కాలంలో మనుషులు నీటి నడుమ కట్టుకున్న క్రానోగ్‌లనే నివాసాల ఆనవాళ్ళు. ఉత్తరాన ఎం9 మోటార్‌వే హోరు రాత్రీ పగలూ ఆగదు. చుట్టూ కాలిబాట ఉంది, తాపీగా నడిచినా గంటన్నరకు మించదు. పర్యాటకులు ప్రాసాదం చూసి, దాని వెనక నీళ్ళున్నాయి కాబట్టి నీళ్ళనూ ఒకసారి చూసి వెళతారు. హంసకు మాత్రం ప్రాసాదంతో పని లేదు. దానికి కావలసింది లోతు తక్కువగా ఉండి మొక్కలు మొలిచే అంచు. హంస బాతులాంటిదే కానీ మునిగి ఈదే పక్షి కాదు. తల కిందికి తోక పైకి పెట్టి నిలువుగా ఒరిగినా దాని ముక్కు మీటరు లోతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే అందుతుంది. అంతకన్నా లోతున ఎంత పచ్చదనం ఉన్నా దానికి లేనట్టే. చెరువు ఎంత విశాలంగా కనబడినా హంసకు పనికివచ్చే చెరువు గట్టు వెంబడి ఉండే సన్నని పట్టీ మాత్రమే. మనుషులు కుక్కలతో నడిచేదీ, గాలాలు వేసేదీ, రొట్టెలు విసిరేదీ సరిగ్గా ఆ పట్టీ మీదే.

నేను చూసినవి ఇక్కడ మ్యూట్ స్వాన్ అని పిలిచే జాతి హంసలు. నారింజ రంగు ముక్కు, దాని మొదట నుదుటి దగ్గర నల్లని బొడిపె. వసంతకాలంలో మగదాని బొడిపె ఉబ్బి పెద్దదవుతుంది. ఆడా మగా పోల్చుకోవడానికి అదే గుర్తు. మార్చిలో రెండూ కలిసి ఆగ్నేయపు మూలన కిక్కిస మొదళ్ళలో గూడు పేర్చడం మొదలుపెట్టాయి. మగది కాడను పెరికి, మెడ వెనక్కి తిప్పి, భుజం మీదుగా పక్కకు వదిలేది. ఆడది దాన్ని అందుకుని తన చుట్టూ సర్దుకునేది. కాకిలా, కొంగలా ఎక్కడి నుంచో పుల్ల నోట కరుచుకుని ఎగిరి తెచ్చే అలవాటు హంసకు లేదు. కూర్చున్న చోటి నుంచి మెడ చాపితే, రెండు మూడు బారల దూరం జరిగితే ఏది అందుతుందో దానితోనే గూడు కట్టాలి. అందువల్ల గట్టును శుభ్రంగా, అందంగా ఉంచుదామని పాత కిక్కిసను కోసేసిన చోట హంసకు గూడు ఉండదు. చూడటానికి గజిబిజిగా, ఎండిపోయి, పాడుబడినట్టున్న ఆ నిరుటి కాడలే దాని ఇల్లు. నా వాదనకు ఇంతకంటే సూటి రుజువు వెతకవలసిన పని లేదు.

ఆ వసంతంలో మా అమ్మ కైకలూరు నుంచి వచ్చి మా దగ్గర ఉంది. కొల్లేటి పక్కన పుట్టి పెరిగిన మనిషి, పక్షుల సంగతి నాకన్నా ఎక్కువ తెలుసు. చలికి శాలువా కప్పుకుని గట్టు మీద నిలబడి, ప్రాసాదం వైపు ఒక్కసారి కూడా చూడకుండా ఆ గడ్డి వైపే చూసి, "ఇది మన కిక్కిసే కదరా. కిక్కిస ఉన్న చోట పిట్ట ఉంటుంది. అది పోతే పిట్టా పోతుంది" అంది. "ఇక్కడ దీన్ని రీడ్ అంటారమ్మా" అన్నాను. "ఏదంటేనేం, కొయ్యకుండా ఉంటే చాలు" అంది. తరువాత నేను చదివినవీ చూసినవీ ఆ మాటను మరింత బలపరిచాయే తప్ప కాదనలేదు.

ఏప్రిల్‌లో గుడ్లు పెట్టింది. సాధారణంగా అయిదు నుంచి ఏడు దాకా పెడుతుంది, ఒక్కో గుడ్డుకూ మధ్య దాదాపు రెండు రోజుల ఎడం ఉంటుంది. ఆఖరి గుడ్డు పెట్టేదాకా పొదగడం మొదలుపెట్టదు. అందుకే మొదటి గుడ్డుకూ చివరి గుడ్డుకూ పది రోజుల పైన తేడా ఉన్నా పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి బయటికి వస్తాయి. ఆ తరువాత అయిదు వారాల పాటు ఆడది గూడు వదిలి దూరం వెళ్ళదు, తిండి బాగా తగ్గిపోయి ఒళ్ళు చిక్కుతుంది. మగది చుట్టూ కాపలా తిరుగుతుంది. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం పక్షి వాడుకలో ఉన్న గూడును పాడుచేయడం నేరం. చట్టం ఉన్నా, తాడు విప్పి వదిలిన కుక్క నీళ్ళలోకి దూకితే అయిదు వారాల పొదుగుడు ఒక్క నిమిషంలో చెడిపోతుంది. ఆ కాలంలో గూటి పక్క బాటలో కుక్కను తాడుతో పట్టుకోమని ఎవరినైనా అడిగితే చాలామంది వెంటనే సరేనంటారు, కొందరు మాత్రం మా కుక్క ఎవరినీ ఏమీ చేయదంటారు. పొదిగే పక్షిని గూడు మీది నుంచి లేపడానికి కుక్క కరవనక్కర్లేదు, దగ్గరకు వస్తే చాలు. గుడ్డు చల్లబడటానికి అంతకన్నా కారణం అవసరం లేదు.

మే చివరి వారంలో ఆరు పిల్లలు బయటికి వచ్చాయి. ఒకటి రెండు రోజుల్లోనే నీళ్ళలోకి దిగాయి. ప్రాసాదం కింద గట్టు వాలుగా నీటిలోకి దిగే చోట అవి నాకు నాలుగు అడుగుల దూరానికి వచ్చాయి. అంత దగ్గర నుంచి చూసింది చెబుతాను. పుట్టినప్పుడు హంసపిల్ల పావుకిలో కూడా తూగదు. ఒంటి నిండా బూడిద రంగు నూగు, ముక్కు నల్లగా మొద్దుగా ఉంటుంది, శరీరానికి ఏమాత్రం పొంతన లేనంత పెద్ద పాదాలు. ఒక పిల్ల ఈత చాలించి తల్లి వెనక్కి చేరి సన్నగా కూసింది. తల్లి ముడిచిన రెక్కను కొంచెం ఎత్తింది. పిల్ల తల్లి కాలి కీలు మీద పాదం మోపి, తోక పక్కనుంచి రెండుసార్లు జారి, మూడోసారి రెక్క సందులోకి దూరింది. కాసేపటికి ఆ తెల్లని ఈకల నడుమ నుంచి నల్లని ముక్కు మాత్రం బయటికి కనబడింది. తల్లి ఆ బరువుతోనే లోతు తక్కువ ఉన్న చోటికి జరిగి, నిలిచిన చోటే రెండు పాదాలతో అడుగు బురదను తొక్కడం మొదలుపెట్టింది. బురదతో పాటు తెగిన నాచు పోగులూ, చిన్న చిన్న నీటి పురుగులూ పైకి తేలాయి. మిగతా పిల్లలు మూగి ఏరుకున్నాయి. హంస తన పిల్లల నోట్లో తిండి పెట్టదు. వాటికి అందేలా పైకి తేవడం వరకే దాని పని. అడుగున మొక్క లేకపోతే ఎంత తొక్కినా పైకి వచ్చేది బురద ఒక్కటే.

ఆరింటిలో రెండు పోయాయి. ఒకటి మొదటి వారంలో చలిగాలితో వాన కొట్టిన రాత్రి తరువాత కనబడలేదు. చలి తీసుకుందో, నక్క తీసుకుందో, నీటి కింద పొంచి ఉండే పైక్ చేప లాగిందో చెప్పగలిగేవాళ్ళు లేరు. పసి హంసకు కాకి నుంచి నారాయణపక్షి దాకా అందరూ శత్రువులే. దీన్ని అన్యాయమనే హక్కు మనకు లేదు, పైక్‌కూ ఆకలి ఉంటుంది. రెండోది పోయిన తీరు మాత్రం వేరు. ఎవరో తెంచి వదిలేసిన గాలపు దారం దాని ముక్కుకూ నాలుకకూ చుట్టుకుంది. మూడు నాలుగు రోజులు ఈదుతూనే ఉంది, తినలేకపోయింది. జంతువులను కాపాడే సంస్థకు ఫోన్ చేశాం, వాళ్ళు వలతో వచ్చారు కూడా. పట్టుకునేసరికే నీరసించిపోయింది, ఆ రాత్రి దాటలేదు. మొదటి చావును ప్రకృతి ఖాతాలో వేయగలను. రెండోదాన్ని వేయలేను. జేబులో పట్టే జానెడు దారం అది.

హంసల మీద జనం ఎక్కువగా వాదించుకునేది రొట్టె గురించి. రొట్టె విషమని, అది తింటే రెక్కల కీళ్ళు వంకరపోతాయని కొందరు బోర్డులు పెడతారు. రొట్టె మానేయమన్న ప్రచారం వల్లే హంసలు ఆకలితో మాడుతున్నాయని మరికొందరు అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో హంసల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి, బ్రిటన్ రాణి ఎలిజబెత్‌గారి హంసల సంరక్షక పదవిలో ఉండిన క్రిస్టఫర్ పెరిన్స్, రొట్టెకూ రెక్క వంకరకూ సంబంధం ఉందనడానికి ఆధారం లేదని బహిరంగంగానే చెప్పారు. ఆయన మాటను నేను నమ్ముతాను. బూజు పట్టనిదై, కొద్దిగా, గట్టు మీద కాక నీటిలో వేసేటట్టయితే రొట్టె ముక్కతో పెద్ద ప్రమాదం లేదు. గింజలో, తరిగిన లెట్యూస్ ఆకులో అయితే ఇంకా మేలు. అయినా ఈ వాదనకు ఇంత సమయం ఎందుకు ఖర్చవుతోందన్నదే నా బాధ. ఎదిగిన హంస రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చి మొక్కలు తింటుంది. దాని ముందు మనం వేసే నాలుగు ముక్కలు ఎంత? రొట్టె వేసేవాళ్ళూ వద్దనేవాళ్ళూ ఇద్దరూ హంస తిండి మన చేతి సంచిలో ఉందన్న భ్రమలోనే వాదించుకుంటున్నారు.

హంసలకు మనుషులు చేసిన నిజమైన మేలు ఏమిటో తెలుసుకోవాలంటే సీసం కథ వినాలి. హంసకు పళ్ళు లేవు, తిన్నదాన్ని కందనకాయలో నూరుకోవడానికి అది అడుగు నుంచి చిన్న రాళ్ళు మింగుతుంది. గాలానికి బరువుగా కట్టే సీసపు గుండ్లు బురదలో పడితే, రాళ్ళనుకుని వాటినీ మింగేది. కందనకాయ ఆ గుండును నూరి నూరి రక్తంలోకి ఎక్కించేది. మెడ కండరాలు చచ్చుబడి, నిటారుగా ఉండవలసిన మెడ వెనక్కి వాలి వీపు మీద పడేది. పేగులు పనిచేయక గొంతు నిండా మేత ఉండగానే పక్షి ఆకలితో చచ్చేది. 1960లకూ 1980లకూ మధ్య థేమ్స్ వంటి నదుల మీద హంసల సంఖ్య దారుణంగా పడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఆ రోజుల్లో కూడా జనం హంసలను ప్రేమించారు, రొట్టెలు వేశారు, థేమ్స్ మీద ప్రతి జూలైలో రాణిగారి పడవలు తెడ్లేసుకుంటూ వెళ్ళి హంసలను లెక్కపెట్టే వేడుక చేశారు. వేడుక ఆగలేదు, హంసలు మాత్రం తరిగాయి. 1987లో ఎక్కువగా వాడుకలో ఉన్న సైజుల సీసపు గుండ్లను నిషేధించాక, 1990లలో సంఖ్య మళ్ళీ పెరిగింది. ఆ నిషేధానికి ఒక్క పక్షినీ చేత్తో ముట్టుకోవలసిన పని లేకపోయింది, నీటి అడుగున పడేది మారిందంతే. ఒక దేశం మొత్తం మీద వేసిన రొట్టెలన్నీ చేయలేని పనిని ఒక నిబంధన చేసింది.

జూన్, జూలై నెలల్లో పిల్లలు పెరిగిన వేగం చూస్తే కళ్ళను నమ్మలేం. ముందు కాళ్ళు పెరుగుతాయి, తరువాత ఒళ్ళు, అన్నిటికన్నా చివర రెక్కలు. రెండు నెలల పిల్ల ఒళ్ళు పెద్ద బాతును మించి ఉంటుంది, దాని రెక్కలు మాత్రం మొలకల్లా పక్కలకు వేలాడుతుంటాయి. సరిగ్గా అదే సమయంలో తల్లిదండ్రులు కూడా ఎగరలేవు. ఎగిరే ఈకలన్నీ ఒక్కసారిగా రాలి, మళ్ళీ మొలవడానికి ఆరు వారాలు పడుతుంది. ముందు తల్లి రాలుస్తుంది. దానికి ఈకలు తిరిగి వస్తున్న సమయానికి తండ్రి మొదలుపెడుతుంది. రెండూ ఒకేసారి నిస్సహాయం కాకుండా ఉండే ఈ ఏర్పాటును గమనించినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. నీటి మీద జానెడున్నర పొడవున్న తెల్లని ఈకలు తేలుతుంటే పిల్లలు ఏరుకుని వెళతారు. ఏరుకునేవాళ్ళకు నేను చెప్పేదొకటే: ఆ ఈక రాలిందంటే ఇంకో నెలన్నర పాటు ఆ పక్షి ఈ చెరువును వదిలి ఎక్కడికీ పోలేదు. ఇక్కడి నీరు బాగున్నా బాగోలేకున్నా అది ఇక్కడే ఉండాలి.

బాగోలేని కాలం కూడా అదే. జూలై, ఆగస్టు వేడికి లిన్‌లిత్‌గో చెరువు మీద తరచుగా నీలి ఆకుపచ్చ నాచు కమ్ముతుంది. గాలి ఏ గట్టుకు వీస్తే ఆ గట్టున చిక్కటి పెయింటు ఒలకబోసినట్టు పేరుకుంటుంది, కుళ్ళు వాసన కొడుతుంది. నీళ్ళను ముట్టుకోవద్దని, కుక్కలను దింపవద్దని హెచ్చరిక బోర్డులు పెడతారు. ఆ నాచులో కొన్ని రకాలు విడుదల చేసే విషానికి కుక్కలు, పశువులు చచ్చిపోగలవు. దీనికి మూలం భాస్వరం. చుట్టుపక్కల పొలాలకు వేసిన ఎరువు వానకు కొట్టుకొస్తుంది, ఇళ్ళ మురుగు కలుస్తుంది. చిన్న చెరువు, నీరు తొందరగా మారదు. పై పొర నాచుతో మూసుకుపోతే ఎండ అడుగుకు చేరదు, ఎండ చేరకపోతే అడుగున పెరిగే మొక్కలు చస్తాయి. ఆ మొక్కలే హంసపిల్లల తిండి అని మళ్ళీ చెప్పనవసరం లేదు. ఇక్కడ మరో చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి వచ్చి చేరిన భాస్వరం అడుగు బురదలో నిలవ ఉంటుంది. వేసవిలో అడుగున ప్రాణవాయువు తగ్గినప్పుడు అది తిరిగి నీటిలో కలుస్తుంది. రేపటి నుంచి ఒక్క చుక్క మురుగు రాకుండా ఆపినా, బురదలో ఉన్నది ఖర్చయ్యేదాకా నాచు వస్తూనే ఉంటుంది. అందువల్లనే ఈ విషయం జనాన్ని ఆకట్టుకోదు. హంసపిల్ల చావు ఒక్క రోజులో కంటికి కనబడుతుంది; బురదలో భాస్వరం తగ్గుదల ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా చూసినా కనబడకపోవచ్చు. ఫోటో తీయడానికి అందులో ఏమీ ఉండదు. దాని కోసం నీటి నమూనాలు తీసేవాళ్ళు, రైతులతో మాట్లాడి పొలం గట్టున గడ్డి పట్టీ వదిలేలా ఒప్పించేవాళ్ళు ఈ ఊళ్ళోనూ ఉన్నారు. హంసల కోసం గట్టు మీద పోగయ్యే జనంలో పదో వంతు వాళ్ళ వెంట నిలబడితే ఎంత బాగుండును.

ఈ మాట అనేటప్పుడు నాకు మా కొల్లేరు గుర్తుకు రాకుండా ఉండదు. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అయినా అది చేపల చెరువులతో నిండిపోయి 2006లో ఆ చెరువుల గట్లు తెంచవలసి వచ్చింది. మా ఇంటికి దగ్గర్లోని ఆటపాకలో గూడబాతులు గూళ్ళు పెట్టుకోవడానికి చెట్లు చాలక, అటవీ శాఖ వాళ్ళు నీటిలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. పక్షులు వాటిని ఒప్పుకున్నాయి, చూడటానికి జనమూ వస్తున్నారు. మంచి పనే. కానీ గూడబాతుకు మనం నిలబెట్టగలిగింది గూడు పెట్టుకునే చోటు ఒక్కటే, మిగతా కొల్లేరంతా ఎక్కడ నిలబెట్టగలం? పక్షి పేరు వేరు, చెరువు వేరు, దేశం వేరు; జనం పక్షిని చూసి నీటిని మరిచిపోయే తీరు మాత్రం రెండు చోట్లా ఒకటే.

మిగిలిన నాలుగు పిల్లలూ అక్టోబరుకు ఎగరడం నేర్చాయి. హంస నేల విడవడం తేలికైన వ్యవహారం కాదు. పదీ పన్నెండు కిలోల దాకా బరువుండే ఒళ్ళు అది. ఆ బరువుకు చాలా దూరం నీటి మీద పరుగు తీయాలి, పాదాలు నీటిని చరుస్తూంటే చప్పట్ల వంటి మోత చెరువంతా వినబడుతుంది. గాలిలో లేచాక ఆ మోత ఆగి, రెక్కల నుంచి లయబద్ధమైన ఈల మొదలవుతుంది. ఈ దశలో కూడా కుర్ర హంసలు చాలానే చచ్చిపోతాయి. కరెంటు తీగలు వాటికి సమయానికి కనబడవు, అంత బరువైన ఒళ్ళు గాలిలో చటుక్కున పక్కకు తిరగదు. వాన రాత్రుల్లో తడిసి మెరిసే తారు రోడ్డును నీరనుకుని హంసలు దిగడం బ్రిటన్‌లో తరచుగా జరిగేదే. చెరువు పక్కనే మోటార్‌వే ఉన్న ఊళ్ళో ఆ భయం లేకుండా నవంబరు గడవదు. మా నాలుగూ గడిపాయి.

ఫిబ్రవరిలో తండ్రి వాటిని తరమడం మొదలుపెట్టింది. జనానికి అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇదే. బూడిద ఈకల నడుమ తెల్ల ఈకలు ఎక్కువయ్యాక, పిల్ల పిల్లలా కాక మరో హంసలా కనబడటం మొదలయ్యాక, తండ్రి రెక్కలు వీపు మీద గోపురంలా ఎత్తి, మెడ వెనక్కి ముడిచి, రెండు పాదాలూ ఒకేసారి తోస్తూ కుదుపు కుదుపుగా దాని మీదికి వస్తుంది. మొన్నటిదాకా ఇదే భంగిమతో కుక్కలనూ పడవలనూ ఎదిరించి ఆ పిల్లలనే కాపాడింది. పిల్ల దూరం జరుగుతుంది, తిరిగి వస్తుంది, మళ్ళీ తరుముతుంది. పండక్కి మా ఇంటికి వచ్చిన తెలుగు మిత్రుల్లో ఒకావిడ ఇది చూసి, "ఇదేం తండ్రండీ, కన్నబిడ్డను ఇలా వెళ్ళగొడుతుందా" అని చాలా బాధపడ్డారు. ఇంకో మిత్రుడు, పిల్లలను సొంత కాళ్ళ మీద నిలబెట్టడం అంటే ఇదేనండి, మనం నేర్చుకోవాలి అన్నాడు. ఇద్దరి మాటా నేను ఒప్పుకోను. తండ్రి కర్కశమూ కాదు, గురువూ కాదు. ఏప్రిల్‌లో ఆడది మళ్ళీ గుడ్లు పెట్టాలి, మళ్ళీ ఆరేడు పిల్లలు ఆ గట్టు పట్టీలోని మొక్కల మీదే పెరగాలి. ఆ పట్టీకి ఎన్ని నోళ్ళను పోషించే శక్తి ఉందో దానికి మించి అక్కడ హంసలు ఉండలేవు. తిండి ధారాళంగా ఉన్న పెద్ద నీటి పట్టుల్లో హంసలు డజన్ల కొద్దీ పక్కపక్కనే గూళ్ళు పెట్టుకోవడం కూడా ఉంది. దక్షిణ ఇంగ్లండ్ తీరాన ఆబట్స్‌బరీలో శతాబ్దాలుగా అలా గుంపులుగా పిల్లలను చేస్తున్నాయి. అంటే తరిమే తండ్రి గుణంలో కూడా నీటి పాలు ఉంది. జంటగా బతికినంత కాలం విడిపోవని, ఒకటి పోతే రెండోది బెంగతో చనిపోతుందని చెప్పుకునే మాటల విషయంలోనూ నేను ఇలాగే తల అడ్డంగా ఊపుతాను. ఎక్కువ జంటలు కలిసే ఉంటాయి, కొన్ని విడిపోతాయి, జత పోయిన హంస చాలాసార్లు మరో జతను వెతుక్కుంటుంది. వాటిని మన ఆదర్శాలకు బొమ్మలుగా నిలబెట్టకుండా చూసినప్పుడే అవి బతకడానికి ఏం కావాలో కనబడుతుంది.

మార్చి మొదటి వారానికి ఆఖరి పిల్ల కూడా వెళ్ళిపోయింది. ఇలాంటి కుర్ర హంసలు జత కట్టే వయసు వచ్చేదాకా గుంపులుగా బతుకుతాయి. మసెల్‌బరో దగ్గర ఎస్క్ నది సముద్రంలో కలిసే చోటా, గ్లాస్గోలో హోగన్‌ఫీల్డ్ లొఖ్ మీదా అటువంటి గుంపులు కనబడతాయి. మూడు నాలుగేళ్ళ వయసులో అవి సొంత గూడుకు చోటు వెతుక్కుంటాయి. అప్పటికి కిక్కిస కోయని గట్టు, దారం తేలని అంచు, అడుగు కనబడే నీరు ఈ ప్రాంతంలో ఎన్ని చెరువులకు మిగిలి ఉంటాయన్నది ఈ నాలుగేళ్ళలో ఇక్కడి పొలాల్లో, ఇళ్ళల్లో, కాలువల్లో ఏం జరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో పాత ఇళ్ళకు కొత్తగా స్నానాల గదులు, వంట గదులు కట్టినప్పుడు వాటి గొట్టాలను మురుగు కాలువకు కాక వాననీటి కాలువకు తప్పుగా కలిపేయడం తరచుగా జరుగుతుంది. అలా కలిసిన సింకు నీరు, ఒక్కోసారి మరుగుదొడ్డి నీరు కూడా, శుద్ధి కాకుండానే వాగుల్లోకీ చెరువుల్లోకీ పోతుంది. ఇంటి వెనక మూత తీసి ఏ గొట్టం ఎందులో కలుస్తోందో చూడటానికి ఒక పూట చాలు, పనివాణ్ణి పిలిచి సరిచేయించడానికి ఇంకొక పూట. మా ఇంటి గొట్టాలు చూపించుకున్నాను, సరిగానే ఉన్నాయి. ఈ మే నెలలో గట్టు మీద నా పక్కన నిలబడి పిల్లలను లెక్కపెట్టేవాళ్ళను, రొట్టె సంచి చేతిలో ఉన్నా లేకపోయినా, మీ ఇంటి గొట్టాలు చూపించుకున్నారా అని అడగదలచుకున్నాను.